వెనక వరసలో ట్రెంట్

లేదా, పోయిన మ్యాచ్‌లో కిందపడ్డ ట్రెంట్ వాడంతట వాడే లేచి ఆడాడు, నేను లేపలేదు అనుకోవచ్చు. గురువారం సాయంత్రం ఫుట్‌బాల్ క్లబ్బులో, ఆటగాళ్ల పేర్లు తగిలించిన బోర్డు ముందు నిలబడి ఇదే నాకు నేను చెప్పుకుంటున్నాను. దెబ్బలు చూసే ఆవిడ పక్కనే కూర్చుని కట్టు గుడ్డలు చుడుతోంది.

"ఏమయ్యా కోచ్, ఫైనల్ ఎల్లుండేగా. మనం గెలుస్తామా?"

"మధ్యలో బాగా పరిగెత్తేవాళ్లున్నారు. ముందు వరసే దండగ. గోల్ స్తంభాల మధ్యకి తన్నమంటే మైదానం గట్టు మీద ఆపిన కార్ల అద్దాలకి తన్నుతారు."

"మరి మన బలమేంటి?"

"వెనక ట్రెంట్. వాడుంటే అవతలివాళ్ల గోల్స్ సగానికి సగం తగ్గుతాయి."

"వాడి భుజం ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"మొన్న ప్రాక్టీసులో, పోయిన మ్యాచ్ ఎవరు గెలిచారని నన్ను రెండుసార్లు అడిగాడు. వేళాకోళం చేస్తున్నాడనుకున్నా."

"వేళాకోళమే అయ్యుంటుంది."

"వాడు పడ్డప్పుడు నేను అవతలి చివర ఇంకొకడి కాలికి కట్టు కడుతున్నా. నువ్వే దగ్గరున్నావు. భుజమన్నావు, అదే రాశాను."

"ఊఁ."

"తలకి తగిలుంటే రూలు ప్రకారం మూడు వారాలు ఆడించకుండా కూర్చోబెట్టాల్సిందేగా. నువ్వున్నావు కాబట్టి నేనిక చూడలేదు."

ఆవిడ గొంతులో అనుమానం లేదు. ఉండుంటే మళ్లీ అబద్ధమాడేవాణ్ణి.

బోర్డు మీంచి ట్రెంట్ పేరు తీసేశాను.

"నువ్వు రాసింది మార్చు," అన్నాను. "తగిలింది తలకి."