మూడు నెలలు నిండేదాకా

హలో… ఆ, అక్కనేరా, చెప్పు రోహిత్. ఆఫీసులోనే… పర్లేదు, చెప్పు.

…తండ్రివి కాబోతున్నావా! ధాత్రికి ఎన్నో నెల?… మూడు నిండాయా. కంగ్రాట్స్‌రా, చాలా సంతోషంగా ఉంది.

మరి ఇన్నాళ్లూ… ఓ. మూడు నిండేదాకా ఎవరికీ చెప్పొద్దందా అమ్మ. ఆ ఎవరికీలో సొంత అక్క కూడా ఉందన్నమాట. సరే.

నాకేముంది, అదే పని, దోమలతో వచ్చే జికా వైరస్. ఈ కెనడా మూల రెజైనాలో కూర్చుని ఏ దేశంలో ఎన్ని కేసులో, ఎంతమంది పిల్లలు తేడాగా పుట్టారో చూడ్డం. జీతమిస్తున్నారుగా…

ఆగు. నువ్వు మొన్న విజయవాడ వెళ్లొచ్చావు కదా, నీ ఫ్రెండ్ వంశీధర్ గృహప్రవేశానికి?… వచ్చి మూడు వారాలేనా?

వచ్చాక జ్వరమేమైనా… రెండ్రోజులా. దద్దుర్లు?… కళ్లు ఎర్రబడ్డాయా?… డాక్టరేమన్నారు?

…వెళ్లలేదు. అమ్మ వీడియో కాల్లో చూసి వేడి చేసిందంది. బార్లీ నీళ్లు తాగావు. తగ్గింది.

బాగుంది. బ్రెజిల్లో నలుగురికి ఒళ్లు వెచ్చబడితే నాకు మెయిలొస్తుంది. తమ్ముడికి జ్వరమొస్తే రాదు.

…నిజమే, ఈ చలికి మిస్సిసాగాలో దోమల్లేవు. నీ నుంచి ధాత్రికి అంటడానికి దోమ అక్కర్లేదు… ఎలా అంటే… నీకు పెళ్లయింది కదరా. అలా.

సిగ్గుపడ్డానికి తర్వాత టైముంది, విను.

కడుపుతో ఉందని ముందే తెలిసుంటే, అక్కణ్నుంచి వచ్చాక కాన్పయ్యేదాకా జాగ్రత్తగా ఉండమని చెప్పేదాన్ని. మా ఆఫీసులో ఆ పాంఫ్లెట్ రాసిందే నేను.

…బిడ్డకా? తల సరిగ్గా ఎదక్కపోవచ్చు. అందరికీ అలా అవదు. అసలు నీకొచ్చింది అదో కాదో కూడా తెలీదు. రేపు ఇద్దరూ డాక్టర్ దగ్గరికెళ్లండి. ఇండియా వెళ్లొచ్చానని ముందే చెప్పు. రక్తం, యూరిన్ టెస్ట్ చేసి—

…ఏంటి?

ధాత్రికా దద్దుర్లు? ఎప్పట్నుంచి?… నిన్నట్నుంచి. చేతుల మీదేనా… మెడ మీద కూడానా.

అమ్మేమంది?

…మళ్లీ బార్లీ నీళ్లే. తాగించావా.

లేదు, ఏడవట్లేదు… అవును, ఏడుస్తున్నా. భయంగా ఉందిరా. రోజూ చూసే పనే, అయినా భయంగా ఉంది.

రేపు కాదు. ఇప్పుడే కారు తియ్యి. ఎమర్జెన్సీకే వెళ్లండి. నేను ఫ్లైట్ చూసుకుంటా…

ధాత్రికి చెప్పొద్దా?… కంగారు పడుతుందనా?

పడనీ. కడుపు తనదిరా. దార్లో నువ్వే చెప్పు, అంతా చెప్పు… నా వల్ల కాదంటే ఎలా…

సరే. ఫోన్ తనకివ్వు. నువ్వెళ్లి కారు స్టార్ట్ చెయ్యి.

…ధాత్రీ, కూర్చోమ్మా… వద్దు, కోటు వేసుకునే ఉండు. నీ—

హలో?… ధాత్రీ?… లైన్ కట్టయిందా? హలో—