ఎత్తే మనిషి నంబరు

అందరికీ నమస్కారం. పనులు మానుకుని వచ్చారు. షట్టరు దించి వచ్చినవాళ్లున్నారు, డ్యూటీ బట్టలతోనే వచ్చినవాళ్లున్నారు. వెనక నిలబడ్డవాళ్లు కాస్త ముందుకు జరగండి. నాకు మైకులో మాట్లాడే అలవాటు లేదు, ఇంజను చప్పుడు మీద అరవడమే అలవాటు.

మన సీటు మాస్టారు లేడు. రెండు వారాలైంది. బైకు సీట్లకు తొడుగులు కుట్టే ఆయన కొట్టుకీ, బైకులు బాగుచేసే నా షెడ్డుకీ మధ్య ఒక్కటే గోడ. పంతొమ్మిదేళ్లు ఆ గోడకు అటు ఆయన కుట్టుమిషను, ఇటు నా సుత్తి. నేను అన్నయ్యా అనేవాణ్ని. ఆయన ప్రేమొస్తే తమ్ముడూ అనేవాడు, కోపమొస్తే ఒరేయ్ అనేవాడు. ఒరేయే ఎక్కువ. నాకు ముక్కు మీద కోపం, ఆయనకు చాదస్తం. రోజుకో గొడవ పడకపోతే ఇద్దరికీ తోచేది కాదు.

ఆయన ఒక్కగానొక్క కూతురు ఇదిగో ముందు వరసలో ఉంది. రైలు నడుపుతుంది. అమ్మా, ఈవేళ నేనే మాట్లాడతానని పట్టుబట్టానంటే అది మీ నాన్న గొప్పలు చెప్పడానికే కాదు. నీకు చెప్పాల్సిన మాట ఒకటుంది. మీ ఇంటి గుమ్మం దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి తిరిగాను. నలుగురి మధ్య అయితే సగంలో పారిపోలేను కదా, అందుకని ఇక్కడ చెబుతాను. కాస్త ఓపిక పట్టు తల్లీ.

మీలో సగం మంది జబ్బకు ఎర్ర రెక్సిన్ పట్టీ ఉంది. ఎందుకు పుట్టింది ఆ పట్టీ? ఐదేళ్ల కిందట మన వీధి కొరియర్ అబ్బాయి మలుపులో బైకు మీంచి పడిపోయాడు. ఫోనుకు లాకు వేసి ఉంది. ఆస్పత్రిలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా పేరు లేని మనిషిగా పడి ఉన్నాడు. ఇంట్లో వాళ్లమ్మ వాడి కోసం కంచం పెట్టుకుని కూర్చుంది. బతికాడు, అడుగో ఆ కిటికీ పక్కన ఉన్నాడు. కానీ ఆ కంచం సంగతి విన్నాక మాస్టారికి నిద్ర పట్టలేదు. సీట్లకు కత్తిరించగా మిగిలిన ముక్కలతో చిన్న సంచులు కుట్టాడు. చీటీ మీద పేరు, వాడే మందులు, పడని మందులు, ఎవరికి కబురు చేయాలో ఆ నంబరు. ఆ సంచిని హెల్మెట్ లోపల కుట్టేవాడు. అరవై హెల్మెట్లకు కుట్టాడు.

అప్పుడు అంబులెన్సు డ్రైవరు ఒకాయన సీటు కుట్టించుకోవడానికి వచ్చి చూశాడు. "మాస్టారూ, ఈ చీటీ కోసం ఎవరైనా హెల్మెట్ లాగారంటే మెడ పోతుంది" అన్నాడు. మనమైతే ఏం చేస్తాం? ఇకమీదట వేరేలా కుడదాం అనుకుంటాం. ఆయన బ్లేడు జేబులో వేసుకుని అరవై గుమ్మాలూ ఎక్కాడు. తన కుట్టు తనే విప్పాడు. పొరపాటు నాది, మీ మెడ మీద ఎందుకుండాలి అన్నాడు. అదే చీటీ లోపల పెట్టి జబ్బకు కట్టుకునే పట్టీ ఆ తర్వాతే వచ్చింది.

పట్టీ ఊరికే ఇచ్చేవాడా? తల తినేసేవాడు. రక్తం గ్రూపు రాస్తే చాల్లే అంటే ఊరుకునేవాడు కాదు. గ్రూపు వాళ్లెలాగూ పరీక్ష చేసుకుంటారు, నువ్వు మింగే మాత్ర పేరు చెప్పు అనేవాడు. ఇక నంబరు దగ్గర అసలు పరీక్ష. తన ఎదుటే ఫోను చేయించేవాడు, అదీ అవతలివాళ్లకు తెలియని తన నంబరు నుంచి. ఎత్తితేనే రాసేవాడు. మన పోస్టుమాన్ గారు గర్వంగా భార్య నంబరిచ్చారు. మూడుసార్లు మోగింది, ఆవిడ ఎత్తలేదు. అత్తగారికి చేస్తే మొదటి రింగుకే ఎత్తి ఎవరు నాయనా అంది. ఆయన పట్టీలో ఇవాళ్టికీ అత్తగారే ఉంది. నవ్వండి, పరవాలేదు, మాస్టారు కూడా దీనికి నెల రోజులు నవ్వాడు. నవ్వి నవ్వి, "ప్రేమించే మనిషి కాదురా కావలసింది, ఎత్తే మనిషి" అనేవాడు.

మరి ఆయన చీటీలో ఎవరి నంబరు? నాది. కూతుర్ని పెట్టుకుని నాదెందుకన్నాను. "దాని వెనకాల వెయ్యిమంది కూర్చుని ఉంటార్రా. వాళ్లను దించాక తెలియాలి దానికి. ముందు నువ్వు రా" అన్నాడు. నాకూ పరీక్ష పెట్టాడు, తన నంబరు నాకు తెలుసని ఎవరి ఫోను నుంచో చేసి. నేను ఎత్తాను. ఆ రోజు ఎత్తాను.

పోయే ముందురోజు మధ్యాహ్నం ఆయన కుట్టిన సీట్లు రెండు బైకు వెనకాల కట్టుకుని వెళ్తూ ఇసుకలో జారాడు. నేను బండి కింద పడుకుని ఉన్నాను, చేతులనిండా గ్రీజు. ఫోను మోగింది. కొత్త నంబరు. కట్ చేశాను. మళ్లీ మోగింది. ఏదో అమ్మేవాళ్లనుకుని మళ్లీ కట్ చేశాను. మూడోసారి తిట్టడానికే ఎత్తాను. ఆస్పత్రి నర్సు.

మొదటి ఫోనుకీ మూడో ఫోనుకీ మధ్య పద్దెనిమిది నిమిషాలు. వైద్యం నా కోసం ఆగలేదు. గుండెకని ఆయన వేసుకునే మాత్ర రక్తాన్ని పలచబరుస్తుంది. చీటీ చూసి దానికి విరుగుడు వెంటనే ఎక్కించారు. కానీ అప్పటికి ఆయనకు తెలివి ఉంది. మావాడు వచ్చాడా, మావాడు వచ్చాడా అని అడుగుతూనే ఉన్నాడట. నేను వెళ్లేసరికి లోపలికి తీసుకుపోయారు. నేను మళ్లీ ఆయనతో మాట్లాడలేదు.

మర్నాడు అరగంట కళ్లు తెరిచాడు. ఆ అరగంట చీటీ ఇచ్చిందే అన్నాడు డాక్టరు. ఆ అరగంటా నువ్వు పక్కనున్నావమ్మా, అది నాకు చాలు. బయటికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "నాన్న ఒకటే అడిగారు బాబాయ్, వాడు ఎత్తాడా అని. వెంటనే ఎత్తాడు నాన్నా అని చెప్పాను, నవ్వారు" అన్నావు. అది నిజం కాదని నీకు చెప్పలేదు. లోపలికెళ్లి ఆయనకు చెప్పుకునే ధైర్యమూ చేయలేదు. సాయంత్రానికి ఆయన లేడు.

వెంటనే ఎత్తలేదమ్మా. మూడోసారికి ఎత్తాను. నువ్వు ఆయనకు చెప్పింది అబద్ధం. ఆ అబద్ధం నీది కాదు, నాది. క్షమిస్తావో లేదో నీ ఇష్టం. తెలియకుండా మాత్రం నువ్వు నాకు దండం పెట్టకూడదు.

లేచావా తల్లీ? వెళ్లు, నేనేమీ అనుకోను. వెళ్లాలనిపిస్తే...

ఇటా వస్తున్నావు? జాగ్రత్త, మెట్టుంది. రా. ఇలా నా పక్కన నిలబడు.

అమ్మాయి లేచింది కాబట్టి మనమూ లేద్దాం. రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. ఇలాంటిచోట ఫోన్లు ఆపేయమంటారు. ఎవరూ ఆపకండి. ఈ రెండు నిమిషాల్లో ఎవరి ఫోనైనా మోగితే, తెలియని నంబరైనా సరే, ఇక్కడే ఎత్తండి. మిగతావాళ్లం మౌనంగానే ఉంటాం, మాస్టారు ఏమీ అనుకోడు. లేవండి.