బీరువా సీను

మామగారు ముందుగదిలో గోడవైపు తిరిగి పడుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్ చూస్తున్నారు. కోడలు గుమ్మంలో నిలబడింది.

“మామయ్యా, ఆ తీగ చెవిలో ఉంది గానీ ఫోన్‌కి పెట్టలేదు. సినిమా వంటింట్లోకి వినిపిస్తోంది.”

“సినిమా ఏంటి? వార్తలు.”

“వార్తలకి పొట్ట పట్టుకుని నవ్వుతారా? పాత కామెడీని మళ్లీ తీసి పాడుచేశారని అందరూ తిడుతున్న సినిమానే కదా అది!”

“ఎంత పాడుచేశారో చూద్దామని పెట్టాను.”

“అది బాగుందన్నందుకే కదా, టైలర్ గారితో మాటలు మానేశారు?”

“బాగుందంటే ఊరుకునేవాణ్ణి. పాతదానికంటే బాగుందన్నాడు! ఇద్దరం బడి ఎగ్గొట్టి చూసిన సినిమా అమ్మా అది.”

“సరే, ఇప్పుడెక్కడ నవ్వారు?”

“హీరో బీరువాలో దాక్కుంటాడు. ఇంటివాళ్లు బీరువా అమ్మేస్తారు. మోసేవాళ్లు మెట్ల మలుపులో ఇరుక్కుంటే, లోపల్నుంచి వాడే ‘కాస్త ఎడమకి వంచండి’ అంటాడు. వాళ్లు ‘సరే సార్’ అని వంచుతారు!”

“పాతదాంట్లోనూ ఇంతేనా?”

“లేదు. అందులో కిటికీలోంచి దూకేస్తాడు.”

“అయితే ఇదే బాగుంది.”

“నువ్వూ మొదలుపెట్టకు.”

“ఆ మాట ఆయనకి చెప్పండి. పాపం, మన వీధిలోకి రాకుండా చుట్టూ తిరిగి వెళ్తున్నారు.”

“నేను వెళ్లి ఒప్పుకోవాలా? తల తెగినా ఒప్పుకోను.”

“మీ ఇష్టం.”

“అమ్మాయ్, నా ప్యాంటు నడుం వదులైందన్నావు కదూ?”

“నేనెప్పుడన్నాను?”

“అన్నావులే. ఇలా తే, కుట్టు వేయించుకొస్తాను.”

“ఇదిగోండి. ప్యాంటు బిగించడానికి ఫోనెందుకు మామయ్యా?”

“ఛార్జర్ కూడా ఇవ్వమ్మా. సినిమా ఇంకా సగం ఉంది.”