తేనెటీగల పుస్తకంలో చిట్టి

ఆదివారం నాలుగున్నర. ఒకప్పుడు హాస్టల్లో ఒకే గదిలో ఉన్న ముగ్గురు స్నేహితురాళ్ళు మూడు ఊళ్ళకు చెదిరిపోయినా, పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం నాలుగింటికి ఫోన్లో కలిసి ఏదో ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటున్నారు. పుస్తకాలు ఎంచేది ముగ్గురిలో లైబ్రరీలో పనిచేసే ఆవిడ; హాస్టల్లో అందరికీ పాఠాలు చెప్పేదని ఆవిడ పేరు మేష్టారు. ఇవాళ ఎవరూ కలవలేదు. బట్టలు కుట్టే దుకాణంలో కూర్చున్న వసపిట్టకు మూడోసారి ఫోన్ మోగేసరికి ఎత్తక తప్పలేదు. అవతల ఉన్నది రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసే గుండు. హాస్టల్ రోజుల్లో టైఫాయిడ్ వచ్చి జుట్టు తీయించుకున్న పాపానికి, ఆవిడ నేటికీ గుండుగానే మిగిలిపోయింది.

"అది కాదే వసపిట్టా, నాలుగింటికి చేశాను, నాలుగుంబావుకి చేశాను. నువ్వూ ఎత్తవు, మేష్టారూ ఎత్తదు. మీ ఊళ్ళల్లో ఫోన్లన్నీ ఒకేసారి మూగబోయాయా?"

"కాజాలు కుడుతున్నానే. స్కూలు యూనిఫారాలు, నలభై జతలు. రేపటికివ్వాలి."

"మరి మేష్టారికేమొచ్చింది? ఇవాళ లైబ్రరీ సెలవేగా."

"గొంతు పట్టేసిందట. మాట పెగలట్లేదట."

"అయ్యో. పోయినవారం కరెంటు లేదంది. ఆ ముందువారం చుట్టాలంది. పాపం, అన్నీ దానికే వస్తాయి."

"ఊఁ."

"సరేలే, మనిద్దరమే మాట్లాడుకుందాం. నీ రెండోవాడి పురుటప్పుడు ఆస్పత్రి మంచం మీంచి కూడా మాట్లాడావు, గుర్తుందా?"

"అప్పుడు ఓపికుండేదే."

"ఇప్పుడేం, ముసలైపోయావా? చెప్పు, ఆ రైలు గార్డు నవల ఎంతవరకూ వచ్చావు?"

"అయిపోయింది. బాగానే ఉంది. కానీ మేష్టారన్నట్టు, చివర్లో ఆ గార్డు చెల్లెలికి ఉత్తరం రాయకుండా ఉండాల్సింది—"

"ఎప్పుడంది?"

"ఏంటి?"

"మేష్టారు. ఆ మాట ఎప్పుడంది?"

"మొన్నెప్పుడో."

"గొంతు పట్టేసిందన్నావు."

"అంటే… మెసేజ్ పెట్టిందిలే."

"గ్రూపులో లేదే."

"నాకు విడిగా పెట్టింది."

"వసపిట్టా, మిషను ఆపు."

"రేపటికివ్వాలే, వాళ్ళు పొద్దున్నే—"

"ఆపవే ఒకసారి."

"…ఆపాను."

"మీరిద్దరూ విడిగా మాట్లాడుకుంటున్నారు కదూ."

"అలాగని కాదు…"

"ఏ రోజు?"

"గుండూ—"

"ఏ రోజని అడిగాను. తిట్టనులే, చెప్పు."

"గురువారం. ఐదింటికి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు నెలలవుతోంది."

"ఓహో. అందుకేనా ఆదివారాలు మీకు చుట్టాలూ, గొంతునొప్పులూ, కరెంటు కోతలూ."

"నీకు చెప్పాలనే అనుకున్నామే. నోరు రాలేదు."

"నీకా? నోరు రాలేదా? వార్డెన్ నీ నోరు మూయించలేకే కదే ఆ పేరు పెట్టింది."

"నవ్వించకే. ఏడుపొస్తోంది నాకు."

"నేనేం చేశానో చెప్పు ముందు."

"ఏం చెయ్యలేదు."

"ఏం చెయ్యని మనిషిని ఎవరూ వదిలించుకోరు."

"వదిలించుకోవడం ఏంటే, ఆ మాటేంటి…"

"చెప్పు."

"తట్టుకోలేవు."

"నేను తట్టుకోలేనిది ఇంకా మిగిలుందటే?"

"…చిట్టి."

"నా కూతురు మీకేం చేసిందే?"

"అది కాదే. ఏ పుస్తకం తీసినా చిట్టి దగ్గరికే వస్తావు. గార్డు జెండా ఊపాడని మేష్టారు చదివింది. రెండు నిమిషాల్లో చిట్టి జ్వరం దగ్గరికొచ్చేశావు. నీ ల్యాబ్‌లో దాని రక్తం నువ్వే పరీక్ష చెయ్యడం, ప్లేట్‌లెట్లు పడిపోయాయని నీ చేత్తో నువ్వే రిపోర్టు రాయడం… ఎన్నిసార్లు విన్నామే. అంతకుముందు తేనెటీగల పుస్తకం. అందులో అసలు మనుషులే లేరు గుండూ! దాంట్లో కూడా, చిట్టికి చిన్నప్పుడు తేనె పడేది కాదని మొదలెట్టావు."

"నిజంగానే పడేది కాదు. ఒళ్ళంతా దద్దుర్లొచ్చేవి."

"చూశావా?"

"…ఊఁ."

"నాకు ఫర్వాలేదే. నేను వింటాను. మేష్టారే తట్టుకోలేకపోతోంది. వాళ్ళమ్మాయికిప్పుడు చిట్టికి అప్పుడున్న ఈడే కదా, పంతొమ్మిది. నీతో మాట్లాడి ఫోను పెట్టేశాక, పిల్ల గదిలోకెళ్ళి నుదుటి మీద చెయ్యేసి చూస్తుందట. ఒకసారి కాదు, పదిసార్లు. ఆ పిల్ల విసుక్కుంటోందట, నాకేం రాలేదమ్మా అని."

"అవునా."

"కోపమొచ్చిందా?"

"లేదే. మంచి పనే చేశారు. బతికున్న పిల్లని అలా భయంభయంగా చూసుకోవడం నరకం. నాకే తట్టాల్సింది."

"అలా అనకే. పోనీ గురువారం నువ్వూ రా. మేష్టారికి నేను చెప్పుకుంటాను. కాకపోతే ఆ గంటసేపూ… పుస్తకం గురించే. ఏం? పుస్తకం గురించి మాత్రమే."

"పుస్తకం గురించి నాకేం తెలుసే మాట్లాడ్డానికి?"

"అదేంటి?"

"నేను పుస్తకం చదివి రెండేళ్ళయింది. చిట్టి పోయాక ఒక్క పేజీ దాటలేదు. వాక్యం చివరికొచ్చేసరికి మొదలేమిటో మర్చిపోతాను. వెనక అట్ట మీద రాసింది చదువుకుని వచ్చేదాన్ని."

"మరి తేనెటీగల పుస్తకం ఎంత బాగుందో అన్నావు!"

"అట్ట బాగుంది."

"గుండూ… చదవకుండానే, ప్రతి ఆదివారం మా ఇద్దరికంటే ముందొచ్చి కూర్చునేదానివి కదే. ఎందుకొచ్చేదానివి మరి?"

"ఇంట్లో దాని పేరెత్తితే ఆయన లేచి బయటికెళ్ళిపోతారు. ఫోటోలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. తప్పు పట్టట్లేదు, ఆయన బాధ ఆయనది. అత్తయ్యగారి ముందు అంటే ఆవిడకి బీపీ పెరుగుతుంది. ల్యాబ్‌లోనేమో అందరూ కొత్తవాళ్ళు. మొన్నొకమ్మాయి, మీకెంతమంది పిల్లలు మేడమ్ అనడిగింది."

"ఏం చెప్పావు?"

"లేరన్నాను. ఉందంటే తర్వాత ఇంకో ప్రశ్న ఉంటుంది కదా. మీ దగ్గరైతే ఏమీ చెప్పక్కర్లేదు, పుట్టగానే దాన్ని ఎత్తుకుంది మీరిద్దరే. వారం మొత్తంలో ఆ ఒక్క గంటేనే వసపిట్టా, నేను చిట్టి వాళ్ళమ్మని."