పొట్టు రాలితే పనిచేస్తున్నట్టే

(బటాంగస్‌లో రొవేనా వంటిల్లు. ఆదివారం ఆమె కొడుక్కి జ్ఞానస్నానం. జ్ఞానతల్లిగా నిలబడడానికి అక్క సోలెదాద్ మనీలా నుంచి ఇప్పుడే వచ్చింది. అక్కడ చర్మం మీద పరిశోధన చేసే ల్యాబులో ఆమె ఉద్యోగం.)

“ఛీ ఛీ! ఆ గరిటె అక్కడ పెట్టి ఇటు తిరగవే. నీ మొహమ్మీది పొట్టు పులుసులో రాలుతోంది!”

“కాస్తేగా అక్కా. తీసేస్తాలే.”

“తీసేస్తుందట! ఇంక నేను తాగినట్టే. ఇలా రా... అబ్బా, ఏంటే ఈ కంపు? గడ్డం కింద చీము కూడానా!”

“ల్యాబులో రోజూ చూసేవి ఇవేగా నువ్వు?”

“ల్యాబులో నా చెల్లెలి మొహం చూడను. ఏం పూస్తున్నావ్?”

“ఏదో... తెల్లబడే సెట్టు. సబ్బు, మందు నీళ్లు, రాత్రికి క్రీము. సంతలో లీతా అమ్ముతుంది. ఊరంతా వాడుతున్నారక్కా. పొట్టు రాలితే పనిచేస్తున్నట్టేనట.”

“ఆ లీతా నోట్లో మన్ను పడ! అదేంటి, బాబు అలా ఏడుస్తున్నాడు? తీసుకురా.”

“పళ్లొస్తున్నాయి. వాడే పడుకుంటాడు. నువ్వు చెప్పు, ఏదో అంటున్నావ్.”

“ఏముంది చెప్పడానికి? పైతోలు ఇటుక గోడే అనుకో. కణాలు ఇటుకలు, మధ్యలో కొవ్వు సున్నం. గోడకి చిల్లు పడితే లోపలి తేమ బయటికి పోతుంది. పైకణాల చుట్టూ ఉండే కాల్షియం తగ్గిపోతుంది. అదే వాటికి కబురు. దాచుకున్న కొవ్వంతా అప్పటికప్పుడు కక్కి చిల్లు పూడుస్తాయి.”

“మరింకేం? పూడుతుందిగా.”

“పూడనిస్తేగా నువ్వు! తెల్లారి సబ్బు, రాత్రి క్రీము. అవి కడుతుంటే నువ్వు గునపం వేస్తున్నావ్. ఇంక ఆ కణాలు కేకలు పెట్టి రక్తంలోంచి కాపలా కణాల్ని పిలుస్తాయి. ఆ మంటా, ఆ ఎరుపూ వాటి పుణ్యమే. ఆ మంటకి రంగు కణాలు రెచ్చిపోయాయనుకో, ఉన్నదానికంటే నల్లబడతావ్.”

“నల్లబడతానా!”

“మసిబొగ్గులా. ఇప్పుడే ఆపెయ్.”

“ఆదివారం దాకా, అక్కా! ఫొటోలున్నాయి. మా అత్త ఏమందో తెలుసా? కోడలు కాకి, మనవడు కాకిపిల్ల అంది. అందరి ముందూ!”

“ఆవిడ మొహం. ఆ చీముతో నిలబడితే ఫాదర్ నీళ్లు బాబు మీద కాదు, నీ మీద పోస్తాడు. బాబుని ముద్దాడకు ఆ మొహంతో. పసివాళ్ల తోలు ఇంకా పల్చన, ఏది తగిలినా లోపలికి దిగిపోతుంది... ఏంటే, ఆ కళ్లనీళ్లు?”

“ఏం లేదు. ఉల్లిపాయ.”

“ఉల్లిపాయెక్కడుంది ఇక్కడ? మళ్లీ ఏడుస్తున్నాడు. అవును, ఇందాక కిటికీలోంచి చూశా, వాడి చేతులకి గుడ్డలు చుట్టావేంటి?”

“దోమలు. గీరుకుంటున్నాడు.”

“ఈ ఎండలో దోమలా? తప్పుకో, నేను చూస్తా.”

“వద్దక్కా! ఇప్పుడే కాస్త... సరే, నువ్వన్నట్టే ఆపేస్తా. ఒట్టు. ఇప్పుడే పారేస్తా.”

“పారెయ్. నా కళ్ల ముందే.”

“అక్కా...”

“ఏంటి?”

“వాడికి పూసేది కూడా ఆపెయ్యాలా?”