నువ్వుగింజంత

కుట్టుగది ఖాళీ చేస్తున్నారు. ఆ గదిలో కుట్టిన మనిషి పోయి ఏడాది దాటింది. ఆమె భర్త, ఒకప్పుడు కటింగ్ మాస్టరుగా పేరున్న పెద్దాయన, మిషను పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. పుట్టింటికి వచ్చిన కూతురు బుజ్జి నేల మీద మూడు కుప్పలు పోస్తోంది: ఉంచేవి, ఇచ్చేసేవి, పారేసేవి. కోడలు స్టూలెక్కి అటక సర్దుతోంది. వాదన ఎప్పుడో మొదలైంది.

“అది పారేసే కుప్పలోది కాదు బుజ్జీ. ఇటివ్వు.”

“నాన్నా, ఇది గుడ్డముక్క. అరచెయ్యంత కూడా లేదు. దీంతో ఏం కుడతావు?”

“జేబు.”

“ఎవరికి జేబు?”

“ఎవరికో ఒకరికి. జేబు లేనివాళ్ళే ఉండరా లోకంలో?”

“చూశావా వదినా? పొద్దుట్నుంచీ ఇదే వరస. నేను ఇటు వెయ్యడం, ఆయన అటు లాక్కోవడం. కుప్పలు తిరుగుతున్నాయి గానీ గది ఎక్కడున్నది అక్కడే ఉంది.”

“నన్ను మధ్యలోకి లాగకు తల్లీ. తండ్రీ కూతుళ్ళు మీరూ మీరూ తేల్చుకోండి. నేనసలే స్టూలు మీదున్నాను.”

“గది నీ కూతురి కోసమేగా ఖాళీ చేస్తున్నది?”

“నీ మేనకోడలి కోసం. పాప హాల్లో టీవీ పక్కన కూచుని చదువుకుంటోంది. అయినా నేనడగలేదు, మీ అన్నయ్య అడిగారు. మామయ్య సరేనన్నారు. అన్నారా లేదా మామయ్యా?”

“అన్నానమ్మాయ్. ఇప్పుడు కాదన్నానా?”

“సరే, ఈ బొత్తాల డబ్బా?”

“ఉంచు.”

“అన్నీ ఒంటివి నాన్నా. ఒక్కదానికీ జత లేదు.”

“జత లేనివన్నీ పారేసే లెక్కయితే ముందు నన్ను తీసుకెళ్ళి ఆ కుప్పలో వెయ్యి.”

“అదిగో. మొదలెట్టావు.”

“నేను మొదలెట్టలేదు. నువ్వే జతలు లెక్కపెడుతున్నావు.”

“మరి మిషను సంగతి?”

“మిషను సంగతేముంది?”

“సాయంత్రం దాన్ని చూసుకోవడానికి ఎవరో ఆవిడ వస్తానందట. అన్నయ్య చెప్పలేదా నీకు?”

“చెప్పాడు. చూసుకోవడానికేగా? చూసుకుని వెళ్ళనీ.”

“నాన్నా!”

“అరవకు. పని చేస్తున్న మిషనుని ఎవరైనా ఇచ్చేస్తారుటే? మీ అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఒక్కరోజైనా ఊరికే కూచున్నానా? నీకు దిండు గలీబులు కుట్టాను. పాపకి గౌను కుట్టాను. మీ వదినకి వేడిగిన్నెలు దింపుకునే తొడుగులు కుట్టాను. మీ ఆయనకి...”

“పైజామా.”

“ఆఁ, పైజామా. వేసుకుంటున్నాడా?”

“వేసుకుంటున్నారు నాన్నా.”

“బాగుందన్నాడా?”

“అన్నారు. చాలా... చాలా బాగుందన్నారు.”

“విన్నావా అమ్మాయ్? మనిషన్నాక ఎవరికో ఒకరికి అక్కరకి రావాలి. అందుకే మిషను...”

“మామయ్యా, ఆ కత్తెర ఒకసారి ఇలా ఇస్తారా? ఈ తాడు తెంపాలి.”

“గుడ్డ కత్తెర తాడుకివ్వను. చాకు తెచ్చుకో. అవునూ, ఆ మూల సంచీ ఏమిటి?”

“ఏ సంచీ?”

“నీ మోచేతి పక్కనే ఉంది, అది.”

“అదా? అందులో ఏం లేదు. పాత దుప్పట్లు మామయ్యా.”

“దించు, చూద్దాం.”

“తర్వాత దించుతాలెండి.”

“అన్నీ ఇవాళే చూసెయ్యాలన్నది మీరే కదా. దించు.”

“వదినా, వద్దు. అది కదిలించకు, జాగ్రత్త...”

“అయ్యయ్యో!”

“పడ్డావా?”

“నేను కాదు మామయ్యా. సంచీ.”

“పోన్లే. ఆగు బుజ్జీ, తియ్యకు. నన్ను చూడనీ. ఇదేమిటి, ఇది పాప గౌను కదూ?”

“నాన్నా, అవి నేను సర్దుతాలే...”

“పాప గౌనే. నేను కుట్టిందే. వేసిన మడత వేసినట్టే ఉంది. ఇవి తొడుగులు. మసి కూడా అంటలేదు. అమ్మాయ్, ఇవన్నీ అటకెందుకెక్కాయి?”

“అది... మామయ్యా...”

“నచ్చకపోతే నచ్చలేదని ఒక్క మాట అనొచ్చుగా. నేనేమన్నా కొడతానా, తిడతానా? సొంత కూతురైతే ఇలా చేసేదా? బుజ్జిని చూడు, నేనిచ్చిన ప్రతీదీ ఎంత అపురూపంగా...”

“నాన్నా, వదిననేమీ అనకు.”

“అననీ బుజ్జీ. పరాయింటి పిల్లని, నేనేగా దొరికాను.”

“వదినా, నీకు దణ్ణం పెడతాను...”

“వద్దు. ఇంక నా వల్ల కాదు. మింగలేక కక్కలేక ఏడాదిగా మోస్తున్నాను. మామయ్యా, ఆ సంచీ అడుగున చూడండి.”

“అడుగునేముంది?”

“చూడండి మీరే.”

“ఇది గలీబు. ఇదీ గలీబే. ఇది... ఇది అల్లుడి పైజామా కదూ?”

“ఊఁ.”

“ఇక్కడికెలా వచ్చింది?”

“మీ కూతురు వచ్చినప్పుడల్లా వెళ్ళేముందు నా చేతిలో పెట్టి వెళ్తుంది. ‘ఇంటికి తీసుకెళ్తే ఆయన నవ్వుతారు, నీ దగ్గరే దాచు వదినా’ అని. చిర్నవ్వుతో మీ దగ్గర తీసుకుంటుంది, వంటింట్లో నాకు అప్పజెబుతుంది.”

“బుజ్జీ, నిన్నే. ఎందుకు నవ్వుతాడు? కుట్టు వంకరపోయిందా?”

“లేదు నాన్నా.”

“రంగు వెలిసిందా?”

“కాదు.”

“మరేం రోగం దానికి?”

“పట్టదు.”

“ఏది పట్టదు?”

“పైజామా. మోకాళ్ళు దాటి పైకి రాదు.”

“లావెక్కాడేమో.”

“లేదు నాన్నా, చిక్కారు కూడాను.”

“పాప గౌను తల దగ్గరే ఇరుక్కుపోయింది మామయ్యా. చేతులు రెండూ పైకెత్తి, మొహం గౌనులో పెట్టుకుని, ‘తాతయ్యకి చెప్పకమ్మా’ అని లోపల్నుంచి ఒకటే అరుపు.”

“తొడుగులో?”

“నాలుగు వేళ్ళు దూరతాయి. బొటనవేలు చలికి వణుకుతూ బయటే ఉంటుంది.”

“గలీబులు?”

“దిండు సగం వరకే వెళ్తుంది నాన్నా. మిగతా సగం బయట కూచుని మనవైపు చూస్తుంది.”

“నవ్వుతున్నారు మీరు.”

“లేదు నాన్నా.”

“నవ్వుతున్నారు. ఇద్దరూ.”

“నవ్వు కాదు మామయ్యా. దాచీ దాచీ... ఏడుపు ఇలా వస్తోంది.”

“టేపివ్వండి. కొలత తప్పానంటారా నేను? నర్సుల యూనిఫారాలు బొత్తులు బొత్తులుగా కత్తిరించినవాణ్ణి. చిన్నదైపోయిందని ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి వెనక్కి వచ్చిందా?”

“ఇదిగో టేపు. కొలుచుకో.”

“దిండేదీ? ఇటు పట్టుకో అమ్మాయ్. చూడు, దిండు ఇంత. గుడ్డ అంచు నుంచి అంచుకి ఇంత. సరిగ్గా ఉంది. కళ్ళు తెరిచి చూడండి!”

“తిరగేసి చూడు నాన్నా. లోపలివైపు. నీ కుట్టు అంచుకి ఎంత దూరంలో ఉంది?”

“ఎంతుందీ?”

“చిటికెన వేలి మందం. ఇటు చిటికెన వేలు, అటు చిటికెన వేలు. కొలిచిన గుడ్డంతా ఆ కుట్టే తినేస్తోంది.”

“మరి భయమెయ్యదుటే? అంచు మీదికి వెళ్తే జారిపోతుంది. మీ అమ్మలాగా నాకేమన్నా...”

“ఇదిగో, ఇది అమ్మ కుట్టింది. పాతదే. దీన్నీ తిరగేసి చూడు. ఎంత వదిలింది?”

“నువ్వుగింజంత.”

“నాకేం అర్థం కావట్లేదు బుజ్జీ. నువ్వుగింజేమిటి?”

“కుట్టుకీ అంచుకీ మధ్య ఉండే గుడ్డ వదినా. అమ్మ నువ్వుగింజంతే తీసుకునేది. అంత చివర కుట్టినా ఒక్క పోగు ఊడేది కాదు. ఆవిడకి ఎంత కావాలో అంతే వదిలి నాన్న కత్తిరించేవాడు. ఇప్పుడు కుట్టేది నాన్న. కత్తిరించేది మాత్రం...”

“ఆపావేం? పూర్తి చెయ్యి.”

“కత్తిరించేది మాత్రం ఇంకా అమ్మకే నాన్నా.”

“మామయ్యా, మంచినీళ్ళు తేనా?”

“వద్దమ్మాయ్, కూచో. కటింగ్ నేర్పేటప్పుడు మొదట చెప్పేది అదే. నీ గుడ్డ ఎవరి చేతికి వెళ్తుందో ముందు తెలుసుకోమంటారు. ఒక్కొక్క చెయ్యి ఒక్కొక్కలా తింటుంది గుడ్డని. మీ అత్తయ్య చెయ్యి తినేదే కాదు. కోడిపిల్ల పొడిచినట్టు.”

“పోనీ ఇకనుంచి కాస్త ఎక్కువ వదిలి కత్తిరించండి. అంతేగా?”

“అంతే. చాలా తేలిక.”

“మరింకేం?”

“నాకు తెలియదనుకున్నారా? మొదటి గలీబు నా దిండుకే తొడిగి చూశాను. పట్టలేదు.”

“తెలుసా నీకు?”

“గుడ్డ ముడుచుకుపోయిందేమో అనుకున్నా. ఇంకోటి కుట్టా. అదీ అంతే. ఈసారి సుద్దతో గీత వేలెడు బయటికి గీశాను. కత్తెర పట్టుకున్నాను. అది గీత మీద నడిస్తేగా? లోపలికి తిరిగి తన పాత దారిన తను పోయింది. నేను వెనకాల వెళ్ళాను.”

“తెలిసీ మాకెందుకిచ్చావు?”

“మీరు బాగున్నాయన్నారుగా. సరిపోయాయన్నారుగా. అందరికీ సరిపోయినప్పుడు తప్పు నా దిండుదేమో అనుకున్నాను.”

“నాన్నా...”

“ఏడవకు. గుడ్డ మీద పడుతుంది.”

“ఈ గదిలో తలుపేసుకుని ఒక్కడివీ రోజంతా ఏం చేసేవాడివి?”

“చెప్పానుగా, కుట్టేవాణ్ణి. ముందు కత్తిరిస్తాను. కత్తిరించి అలవాటుగా మిషను మీద పెడతాను. పెట్టి చూస్తూ కూచుంటాను. ఎవరూ తియ్యరు. అప్పుడు గుర్తొస్తుంది. లేచి, చుట్టూ తిరిగి, అటువైపుకి నేనే వెళ్ళి కూచుంటాను.”

“పక్కగదిలోనే ఉంటాను కదా మామయ్యా. ఒక్క పిలుపు పిలిస్తే రానా?”

“నీకు కుట్టు వచ్చా?”

“ఊడిన బొత్తాం పెట్టుకోవడం వచ్చు.”

“మంచిదే. కానీ నా పనికి చాలదు తల్లీ.”

“ఫోన్ మోగుతోంది. మిషను కోసం ఆవిడే అయ్యుంటుంది. ఉండు, ఇవ్వట్లేదని చెప్పేస్తాను. నీ మిషను ఎక్కడికీ పోదు నాన్నా, అన్నయ్యతో నేను మాట్లాడతాను.”

“ఇటివ్వు.”

“నేను చెప్తాగా...”

“ఇటివ్వమ్మా. హలో. ఆఁ, ఈ ఇల్లే. నడవకేం, బ్రహ్మాండంగా నడుస్తుంది. కాలితో తొక్కేదే. ఏం కుడతారు మీరు? ఆసుపత్రి గౌన్లా? ఎంతమంది? ఓహో. మరి కత్తిరించేదెవరు? బయటికిస్తున్నారా? అదీ, బయటికిస్తే అంతే మరి. వాడికి మీ చెయ్యేం తెలుసు? ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకమ్మా. కుట్టేటప్పుడు అంచు లోపలికి ఎంత తీసుకుంటారు? ఎంత? పెన్సిల్ మందమా? అందరూనా? ఊఁ. లేదు లేదు, ఊరికే అడిగాను. రండి.”

“ఏమంది నాన్నా?”

“వస్తానంది.”

“ఇంకా?”

“ఇంకేం లేదు. అటక మీద ఇంకేమున్నాయి అమ్మాయ్? దించు. చీకటి పడేలోపు కానిచ్చేద్దాం.”

ఆ రాత్రి కొడుకు ఇంటికి వచ్చాడు. పాపతో సహా అందరూ భోజనాల బల్ల చుట్టూ చేరారు.

“ఆవిడొచ్చి వెళ్ళిందటగా నాన్నా? ఏమైంది?”

“ఏమవుతుంది? నచ్చింది. రేపు పొద్దున బండి పంపుతానంది.”

“నేను వద్దంటూనే ఉన్నాను అన్నయ్యా. నాన్నే వినలేదు.”

“నీకిష్టం లేకపోతే ఇప్పుడైనా చెప్పు నాన్నా. ఫోన్ చేసి మానిపించేస్తాను. మిషను హాల్లో ఓ మూల పెట్టుకుందాం.”

“హాల్లో ఎందుకు నాన్నా? నా గదిలోనే ఉండనీ. తాతయ్యా, నేను మంచం గోడకి జరుపుకుంటాలే. నువ్వు కుట్టుకుంటుంటే నేను చదువుకుంటాను.”

“గది నీది తల్లీ. మంచం నీ ఇష్టమొచ్చినట్టు వేసుకో.”

“మామయ్యా, ఏం తినలేదు మీరు. ఇంకాస్త పెట్టనా?”

“చాలమ్మాయ్. అందరూ ఉన్నారు కాబట్టి ఒక మాట చెప్తాను. రేపు ఆ బండిలో మిషనుతో పాటు నేనూ వెళ్తున్నాను.”

“ఎక్కడికి?”

“ఆవిడ దగ్గరికి. అలా చూడకండి, పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేస్తాను. కత్తిరించే మనిషి లేక అవస్థపడుతున్నారట. కత్తిరిస్తాను.”

“ఈ వయసులో పనికి వెళ్ళడమేమిటి నాన్నా? నలుగురూ ఏమనుకుంటారు?”

“మాస్టరు మళ్ళీ కత్తెర పట్టాడనుకుంటారు.”

“కానీ నాన్నా, నీ కత్తెర గీత మీద నడవట్లేదని నువ్వే అన్నావుగా?”

“అన్నాను. ఎదురుగా మనిషి ఉంటే నడుస్తుందేమో. నడవకపోతే తెచ్చి నా మొహాన కొడతారు. అటక మీద దాచరు.”

“మా మీద కోపమా మామయ్యా?”

“ఛ. కోపమేమిటి అమ్మాయ్. మీరు కాకపోతే ఎవరు దాస్తారు?”

“మరి ఇక్కడ నీకేం తక్కువైంది నాన్నా? చెప్పు. ఏం తక్కువైంది?”

“ఏమీ తక్కువ కాలేదురా. అందరూ ఉన్నారు. కుట్టేవాళ్ళు లేరు.”