గుండీలక్కను చంపిన తడిగుడ్డ

గుండీలక్కను మనమే చంపాం. సంతాప సభలో మొదటి మాట ఇది కాకూడదని నాకూ తెలుసు. కానీ ఎడంగా వేసిన ఈ కుర్చీల్లో మాస్కుల పైన కనిపిస్తున్న మీ కళ్లు చూశాక వేరే మాట నోటికి రావడం లేదు. అక్క కూతురికి, ముందు వరసలో ఉన్న మేనేజరు గారికి, కుట్టు సెక్షన్ అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

మన చొక్కాల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు గుండీల మిషన్ మీద కూర్చున్న మనిషి. పోయిన బుధవారం ఆసుపత్రిలో ఊపిరందక పోయింది. మనమే ఎలా చంపామంటారా? చెబుతాను.

లాక్‌డౌన్ రోజుల్లో మన కార్మిక సంఘం కరపత్రం రాసింది నేనే. ప్రాణం ముందు, పని తర్వాత, అన్నీ మూసేయండి అని. అది పట్టుకుని అక్క మా గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రాలేదు. ఇంట్లో బియ్యం అడుగంటాయట. "తమ్ముడూ, జబ్బుకి భయపడమంటావా, ఆకలికి భయపడమంటావా? వరస చెప్పు, ఆ వరసలోనే భయపడతాను" అంది.

ఆ కాగితం తీసుకుని మళ్లీ చదివాను. మూసినన్నాళ్లు తిండి ఎవరు పెడతారో నా కరపత్రంలో ఒక్క ముక్క లేదు. తెరిచాక జ్వరమొస్తే ఎవరు చూస్తారో తెరవమన్న పెద్దమనుషుల కాగితంలోనూ ఒక్క ముక్క లేదు.

తెరిచారు. గేటు దగ్గర కుర్చీ వేసి, నుదుటికి గురిపెట్టే థర్మామీటర్ అక్క చేతికిచ్చారు. అక్కకే ఎందుకు? ఆమె మాటంటే అందరికీ గురి కాబట్టి. జ్వరముంటే పద్నాలుగు రోజులు ఇంటికి పో, జీతం అడక్కు. అదీ నియమం. మొదటి వారంలో ఇస్త్రీ సెక్షన్ బాబాయిని వెనక్కి పంపింది. ఆయనింట్లో పొయ్యి వెలగడం లేదని విని, తనింటి అన్నం గిన్నె తీసుకెళ్లి ఆయన గడప మీద పెట్టి వచ్చింది. ఆ తర్వాత ఎవర్నీ వెనక్కి పంపలేదు.

పంపే అవసరం లేకుండా మనమే చేశాం కదా! గేటు బయట కుళాయి దగ్గర ఆగి, తడిగుడ్డ నుదుటికి అద్దుకుని, తుడుచుకుని, బుద్ధిమంతుల్లా వరసలో నిలబడ్డాం. అక్కకి తెలియదా? "మీ నుదుళ్లు కుండలో నీళ్లలా ఉన్నాయర్రా, దీని బదులు గ్లాసు పట్టుకుని కూర్చుంటే పోయేది" అని నవ్వేది. నవ్వుతూనే లోపలికి వదిలేది. నేను చూశాను. చూసి ఊరుకున్నాను. నేనూ రెండు రోజులు తడుపుకున్నాను.

చివరికి అక్కకే జ్వరమొచ్చింది. తడిగుడ్డతో ఆరు రోజులు ఆ కుర్చీలోనే కూర్చుందని కూతురు చెప్పింది. ఎవరి జ్వరాలు చూడటానికి? మన జ్వరాలు! ఈలోగా కుట్టు సెక్షన్‌లో పదకొండు మంది మంచాన పడ్డారు, ఫ్యాక్టరీ మళ్లీ మూశారు.

నాకు భయంగా ఉంది. మైకు దొరికితే వదలని వీడికి భయమేమిటని నవ్వకండి. రేపు మళ్లీ గేటు తెరుస్తున్నారు. అదే నియమం. అదే కుళాయి. ఇప్పుడు, ఈ హాల్లో, ఎవరో దగ్గు ఆపుకుంటున్నారు. ఎవరని అడగను. ఎందుకు ఆపుకుంటున్నారో తెలుసు, మేనేజరు గారు ఇక్కడే ఉన్నారు. ఆపుకున్న ఆ దగ్గు ఇవాళ ఏ ఇంటికి వెళ్తుంది? ఏ పసిబిడ్డ పక్కన పడుకుంటుంది? మూయాలా, తెరవాలా అని ఇంకా వాదించుకుందామా? మూసినా తెరిచినా చచ్చేది మనమే అయినప్పుడు అది వాదమెలా అవుతుంది?

లేవండి. అక్క కోసం రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. దగ్గొస్తే దగ్గండి, తప్పు లేదు. ఆ తర్వాత మాత్రం కూర్చోకండి. నిలబడే ఇవి అడగండి:

జ్వరమొచ్చిన మనిషికి ఇంట్లో ఉన్నన్నాళ్లూ పూర్తి జీతం ఇవ్వాలి.

ఫ్యాక్టరీ మూస్తే, మూసిన రోజే ప్రతి ఇంటికీ తిండిగింజలు చేర్చాలి.

మిషన్లు ఎడంగా జరపాలి. తెరవకుండా కిటికీలకు కొట్టిన మేకులు పీకి గాలి రానివ్వాలి.

గేటు దగ్గర నర్సును పెట్టాలి. నర్సు దొరికేదాకా ఆ కుర్చీలో మేనేజరు గారు కూర్చోవాలి.